నల్లబల్ల పొడవెంత?

జూన్ 22

పెద్దమ్మా,

బళ్ళో టీచరుగా చేరి పట్టుమని పది రోజులు కాలేదు, అప్పుడే నీకు పని పెడుతున్నాను. తిట్టుకోకు. ఫోను చేస్తే కుట్టు మిషను చప్పుడులో సగం వినపడదంటావు, వినపడని సగం నువ్వే కల్పించుకుంటావు. ఉత్తరమైతే ఇస్త్రీపెట్టె వేడెక్కేలోపు చదువుకోవచ్చు.

నాకు మూడో తరగతి ఇచ్చారు. ఇరవై నలుగురు పిల్లలు. లెక్కల పుస్తకంలో ఈ ఏడాది కొలతలూ, పట్టికలూ, బొమ్మల పటాలూ ఉన్నాయి. అవి బోర్డు మీద నేను గీసి, వాళ్ళు చూసి దించుకుంటే ఎవరికి ఏం వస్తుంది? నాకు ఆవలింతలు వస్తాయి. అందుకని మొదటి వారమే అందరి చెప్పులూ విప్పించి గది మధ్యలో వరుసలు పెట్టించాను. లేసుల బూట్లు ఒక వరుస, పట్టీ చెప్పులు ఒక వరుస, ఊరికే కాలు దూర్చేవి ఇంకో వరుస. ఏ వరుస పొడుగుంటే ఆ రకం ఎక్కువన్నమాట. లేసుల బూట్ల వరుసే పొడుగ్గా వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. అంతలో ఒక పిల్లాడు లెక్కపెట్టి, "పట్టీవే ఎక్కువున్నాయి టీచర్" అన్నాడు. నిజమే. బూట్లు పెద్దవి, చోటు ఎక్కువ తిన్నాయి. అప్పుడు నేల మీద సుద్దముక్కతో సమానంగా గళ్ళు గీసి, గడికి ఒక జత చొప్పున మళ్ళీ పెట్టాం. పటంలో గళ్ళు ఎందుకుంటాయో ఇక వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు.

సరిగ్గా అప్పుడే హెడ్మిస్ట్రెస్ గారు లోపలికి వచ్చి ముక్కు మూసుకున్నారు. "పాఠం ఎప్పుడు మొదలుపెడతారు?" అని అడిగారు.

వచ్చే నెల కొలతలు. నీ కొట్లో మేకుకు వేలాడే పాత టేపులు ఉన్నాయి కదా, అవి పంపిస్తావా? ఆరు జట్లు చేశాను, ఆరు చాలు.

నీ
బుడంకాయ


జూన్ 30

బుడంకాయకు,

చెప్పుల పాఠం చదివి ఒక్కదాన్నే నవ్వుకుంటుంటే ఎదురు కొట్టు కుర్ర టైలరు, "ఏంటమ్మా, లాటరీ తగిలిందా?" అని అడిగాడు. మా కోడిపిల్ల టీచరయింది, దాని బళ్ళో వాసన ఇక్కడిదాకా వచ్చింది అని చెప్పాను.

మేకుకున్న పాతవన్నీ ఈ పార్శిల్లో పంపిస్తున్నాను. ఏళ్ళ తరబడి చెమటా సుద్దా పట్టినవి పిల్లల చేతికి ఎలా ఇస్తాను? బక్కెట్లో సబ్బునీళ్ళు పోసి నానేశాను. పనిలో పని అని నా మెడలోది కూడా తీసి అందులో పడేసి, అన్నీ బ్రష్షుతో తోమి తీగ మీద ఆరేశాను. ఇప్పుడు చూస్తే ఏది ఎప్పుడు కొన్నదో నాకే తెలియనంత తెల్లగా ఉన్నాయి. నాది నేను వేసుకుని మిగతా ఆరూ నీకు కట్టాను. ఆడుకోవడానికి ఏవైతేనేం.

ఇక నా సంగతి. పెద్ద ఆసుపత్రి వాళ్ళు నర్సులందరికీ యూనిఫారాలు కుట్టమని నన్ను పిలిచారు. చొక్కా, ప్యాంటు. వాళ్ళకు కొట్టుకు వచ్చి నిలబడే తీరికెక్కడిది? కొలతలు అక్కడే తీసి, కాగితం మీద వరసగా రాసి పంపారు. ఇవి బాగా కుదిరితే ఏటేటా పని నాకే ఇస్తామన్నారు. వీధిలో ఇన్ని రెడీమేడ్ కొట్లు వచ్చాక కూడా నన్ను వెతుక్కుంటూ వచ్చారు చూడు. గర్వంగానే ఉంది, దాచుకోను.

వేళకు తిను. అరిచి గొంతు పాడు చేసుకోకు.

పెద్దమ్మ


జులై 16

పెద్దమ్మా,

టేపులు అందాయి. చుట్టలు చుట్టలుగా, సబ్బు వాసనతో ఎంత ముద్దుగా ఉన్నాయో. పిల్లలు ముందు వాటిని మెడలో వేసుకుని గదంతా తిరిగారు. ఇరవై నలుగురు టైలర్లు, ఒక్క మిషనూ లేదు.

మొదటి పని: నల్లబల్ల పొడవెంత? ముందు ఊహించి చెప్పమన్నాను. యాభై నుంచి వెయ్యి దాకా చెప్పారు. తర్వాత జట్టు తర్వాత జట్టు వచ్చి సెంటీమీటర్లలో కొలిచి, ఆ అంకె ఎదురుగా గీత గీయాలి. ఐదు జట్లకు నూట పదిహేడు, కాస్త అటూ ఇటూ. ఆరో జట్టుకు నూట ఇరవై.

అప్పుడు అందరికీ చెప్పాను, కొలిచినప్పుడు చిన్న చిన్న తేడాలు వస్తాయి, ఎక్కువమందికి ఏది వచ్చిందో దాన్ని తీసుకుందాం అని. పుస్తకంలోనూ అదే ఉంది. నూట పదిహేడుకు సున్నా చుట్టాం. ఆరో జట్టులో టేపు పట్టుకున్నది ఒక నెమ్మది పిల్ల. అంత మెల్లగా రాస్తుందని తరగతంతా దాన్ని నత్త అంటారు. జట్టులో మిగతా ముగ్గురూ వెంటనే, "మాదీ నూట పదిహేడే టీచర్" అని మార్చేసుకున్నారు. ఈ పిల్ల మార్చలేదు. మళ్ళీ కొలవమన్నాను. నూట ఇరవై. మళ్ళీ. నూట ఇరవై. నాకు ఓపిక పోయి, "సున్నా దగ్గర కాక ఎక్కడో పెట్టి మొదలుపెడుతున్నావు" అన్నాను. అప్పటినుంచి నాతో మాట్లాడటం లేదు.

హెడ్మిస్ట్రెస్ గారు ఇది విని, కొలవడం కూడా రాకపోతే వచ్చే నెలాఖరుకు ఆ పిల్లను రెండో తరగతిలో కూర్చోబెడదాం అన్నారు. నేను ఔననలేదు, కాదనలేదు. అదే మనసులో గుచ్చుకుంటోంది. టేపు పట్టుకోవడం నేర్పడానికి చిట్కా ఏదైనా ఉంటే చెప్పు.

నీ బుడంకాయ


జులై 25

బుడంకాయకు,

నత్త ఏమిటి నత్త? నువ్వూ అలాగే పిలుస్తున్నావా? నిన్ను ఒక్కసారి కోపంగా బుడంకాయ అన్నందుకు పూటంతా బీరువా వెనక కూర్చున్నావు, మర్చిపోయావా? ముద్దుగా అంటే ఒకలా ఉంటుంది, నలుగురిలో అంటే ఇంకోలా ఉంటుంది.

టేపు పట్టుకోవడానికి చిట్కాలేం లేవు. ఇనప కొస ఎడమ బొటనవేలి కింద అదిమిపెట్టి, వదులు లేకుండా లాగాలి. అంతే. కానీ మూడుసార్లూ ఒకే అంకె వచ్చిందంటున్నావు. చెయ్యి తిన్నగా లేనివాళ్ళకు అలా రాదు. మూడుసార్లకు మూడు వస్తాయి.

ఇక్కడ నాకు తల తిరిగిపోతోంది. ఆసుపత్రికి మొదటి విడత పంపాను. పంపినవి పంపినట్టే తిరిగొచ్చాయి. ప్యాంట్లన్నీ అంగుళం పొడుగట, మడమ కింద పడి తొక్కుకుంటున్నారట. చేతులు వేళ్ళ మీదకు జారుతున్నాయట. వాళ్ళ పెద్ద నర్సు మర్యాదస్తురాలు, గట్టిగా ఏమీ అనలేదు. "కాగితం సరిగ్గా చదివారా అమ్మా?" అని మాత్రం అడిగింది. ఆ ఒక్క మాటకు రాత్రి అన్నం సయించలేదు. అంకెలన్నీ మళ్ళీ చూసుకున్నాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అదే వారం నేను అద్దెకున్న ఇంటావిడకు కుట్టిన గౌను ఒంటి మీద పోతపోసినట్టు కుదిరింది. మరి దీనికి ఏమొచ్చింది? కళ్ళేనేమో. దగ్గరి అంకెలు మసకబారుతున్నాయేమో, నాకే తెలియడం లేదేమో.

ఇంకో విడత ఉంది. అదీ ఇలాగే వస్తే ఆలోచించాలి.

పెద్దమ్మ


ఆగస్టు 2

పెద్దమ్మా,

నీ ఉత్తరం చూసి దిగులేసింది. నువ్వు అన్నం మానేయడం నేనెప్పుడూ చూడలేదు. ముందు కళ్ళ డాక్టరు దగ్గరకు వెళ్ళు, వాయిదా వేయకు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి నువ్వు ఆ మిషను ముందే ఉన్నావు. ఇంత పెద్ద ఆర్డరు ఒంటిచేత్తో ఎందుకు నెత్తికెత్తుకోవడం? ఇక కాస్త విశ్రాంతి తీసుకుంటే తప్పేమిటి? నా దగ్గరకు వచ్చేయి, నాకూ తోడుంటావు.

ఇక్కడ వాన. పిల్లలు గది కిటికీలోంచి గొడుగుల రంగులు లెక్కపెట్టి గీతలు గీస్తున్నారు. నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డంగా. నత్త, కాదు, ఆ పిల్ల మాత్రం గొడుగులు మానేసి నల్లబల్ల వైపే చూస్తూ కూర్చుంటోంది.

నీ బుడంకాయ


ఆగస్టు 11

అమ్మాయికి,

నీకూ అలాగే అనిపించిందన్నమాట. సరే.

కళ్ళ డాక్టరు దగ్గరకు వెళ్ళాను. కొత్త అద్దాలు ఇచ్చాడు. వాటితో చూస్తే సూదిలో దారం నూలుపోగు నూలుపోగుగా కనిపిస్తోంది. ఆ అద్దాలు పెట్టుకునే రెండో విడత కత్తిరించాను, ప్రతి అంకెనూ పైకి చదువుకుంటూ. నిన్న అది కూడా తిరిగొచ్చింది. మళ్ళీ అంగుళమే. కళ్ళు బాగున్నాయంటే ఇక పోయింది చెయ్యి. దానికి అద్దాలు అమ్మరు.

ఎదురు కొట్టు కుర్రాడికి మాటిచ్చాను. ఈ నెల చివర్లో వచ్చి మిషను, కత్తిరించే బల్ల, కొట్టు అద్దె కాగితం తీసుకుంటాడు. మంచివాడు, పాడుచేయడు. విశ్రాంతి తీసుకోమన్నావు కదా, నీ మాటే విన్నాను. నీ దగ్గరకు మాత్రం రాను. ఊరికే కూర్చుని నీ గొడుగులు లెక్కపెట్టడం నా వల్ల కాదు.

పెద్దమ్మ


ఆగస్టు 17

పెద్దమ్మా,

"అమ్మాయికి" అని రాశావు. ఆ మాట చూడగానే ఏడుపొచ్చింది. నీ చేతి మీద నాకు అనుమానమా? నేను వేసుకున్న మొదటి గౌను నుంచి ఇప్పుడు బడికి వేసుకెళ్ళే చొక్కా దాకా అన్నీ నువ్వు కుట్టినవే. నువ్వు అలిసిపోయావనుకుని రాశానే గాని, చేతకాదని కాదు. తిట్టాలనుకుంటే తిట్టు. మిషను ఇవ్వడం మాత్రం కాస్త ఆపు. ఎందుకో చెబుతాను, కోప్పడకుండా చివరిదాకా చదువు.

మొన్న ఆ పిల్ల బడికి ముందే వచ్చింది. నేను వెళ్ళేసరికి ఆరు టేపుల చుట్టలూ విప్పి, ఇనప కొసలు కలిపి, మేకుకు వేలాడదీసి ఉన్నాయి. ఐదు కిందికి దిగి ఉన్నాయి, దాని జట్టుది మాత్రం పైనే ఆగిపోయింది. ఇన్నాళ్ళూ చుట్టలు చుట్టి డబ్బాలో పెట్టడమే గాని, పక్కపక్కన పెట్టి చూసిందెవరు? మిగతా పిల్లలు వచ్చి, "అదే టేపు పొట్టిది, అందుకే తప్పొచ్చింది" అని గోల చేశారు. నేనూ అదే అనబోయాను. అప్పుడు ఆ పిల్ల ఇన్ని రోజుల తర్వాత నోరు విప్పింది.

"అది పొట్టిది కాదు టీచర్. మిగతావే పెరిగాయేమో."

అందరూ నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు. సంచిలోంచి చెక్క స్కేలు తీసి, నల్లబల్ల ఎడమ చివర పెట్టి, గీత గీసి, జరిపి, గీత గీసి, జరిపి, నాలుగుసార్లు పెట్టింది. ముప్పై సెంటీమీటర్ల స్కేలు. నాలుగోసారి సరిగ్గా కుడి చివరకు వచ్చి ఆగింది. నూట ఇరవై.

ఐదు జట్లు ఒకే మాట చెప్పాయి గనక అదే నిజమన్నాను. ఐదూ ఒకే తప్పు చెప్పొచ్చని నాకు తోచలేదు. తరగతి ముందే ఆ పిల్లకు క్షమాపణ చెప్పాను. హెడ్మిస్ట్రెస్ గారిని పిలిచి ఆ పిల్లచేతే మళ్ళీ కొలిపించాను. ఆవిడ తనే స్కేలు పట్టుకుని నాలుగుసార్లు జరిపి చూసుకుని, "రెండో తరగతి మాట మర్చిపోండి" అన్నారు.

సాయంత్రం పిల్లలు, "మరి టేపులు పంపిన పెద్దమ్మకు ఇది తెలుసా?" అని అడిగారు. నీ ప్యాంట్ల గొడవ వాళ్ళకు చెప్పేశాను. చెప్పకూడదేమో, కానీ చెప్పాను. వాళ్ళు నన్ను ప్రశ్నలతో ముంచెత్తారు. అవే నీకు రాస్తున్నాను. తిరిగొచ్చినవి ఏవి? తిరిగి రానివి ఏవి? ఎవరి కొలతలు ఎవరు తీశారు? నాకు పంపిన టేపులు సాగినవా? వెంటనే రాయి.

నీ బుడంకాయ


ఆగస్టు 22

బుడంకాయకు,

ఇంత వయసొచ్చాక మూడో తరగతి పిల్లల ముందు నిలబడి జవాబులు చెప్పుకోవాల్సి వచ్చింది. పెద్ద నర్సు కూడా ఇన్ని అడగలేదు. మీరంతా కలిసి నా మీద విచారణ పెట్టారా?

సరే, రాయకపోతే నువ్వు ఊరుకోవు. తిరిగొచ్చినవన్నీ ఆసుపత్రివే. ఆ కాగితం మీద ఉన్నవాళ్ళలో ఒక్కరికీ కుదరలేదు. కొట్టుకు వచ్చినవాళ్ళకు, అంటే నేను నిలబెట్టి కొలిచినవాళ్ళకు, ఈ రెండు నెలల్లో ఒక్కటీ తిరిగి రాలేదు. ఇంటావిడ గౌను, మందుల షాపాయన చొక్కాలు, కవలపిల్లల లాగులు, అన్నీ చక్కగా కుదిరాయి. మనిషి ఎదురుగా ఉంటే చెయ్యి పలుకుతోంది, కాగితం చూస్తే తడబడుతోంది. ముసలితనం అంటే ఇదేనేమో.

టేపులు సాగినవా అని అడుగుతావేమిటి, సాగాయి గనకే మేకెక్కాయి. రోజంతా లాగితే గుడ్డ టేపు సాగక ఏం చేస్తుంది? నీకు పంపిన ఆరూ సాగినవే. పిల్లలు బట్టలకొట్టు ఆట ఆడుకుంటారనుకున్నాను, నల్లబల్ల కొలుస్తారని నాకేం తెలుసు? మంచిది నా మెడలో ఉంది. పోయినేడాదే కొన్నాను.

కుర్రాడు ముప్పై ఒకటిన వస్తానన్నాడు. నేను మాట తప్పను.

పెద్దమ్మ


ఆగస్టు 26

పెద్దమ్మా,

ముందు ఒక పని చేయి, తర్వాత చదువు. నీ మెడలో ఉన్న టేపును నీ పెద్ద ఇనప స్కేలు పక్కన పెట్టు. ఆ స్కేలుతో గీతలు గీయడమే గాని ఎప్పుడైనా కొలిచావా?

ఇప్పుడు చదువు. నీ జవాబు తరగతిలో చదివాను. నేల మీద సుద్దముక్కతో నాలుగు పెద్ద గళ్ళు గీశాం. పై వరుస నువ్వు కొలిచినవాళ్ళు, కింది వరుస కాగితం మీద వచ్చినవాళ్ళు. ఎడమ పక్క కుదిరినవి, కుడి పక్క పొడుగైనవి. మళ్ళీ చెప్పులే తెచ్చి పెట్టాం, ఒక్కో బట్టకు ఒక్కో చెప్పు. పై ఎడమ గడి నిండింది. కింది కుడి గడి పొంగిపొర్లింది. మిగతా రెండు గళ్ళలో ఒక్క చెప్పూ లేదు. పిల్లలు ఆ ఖాళీ గళ్ళ చుట్టూ గుంపు కట్టి నిలబడ్డారు. చెయ్యి తడబడితే అక్కడొకటి ఇక్కడొకటి పడాలి కదా, ఇంత శుభ్రంగా ఎలా వస్తుంది?

నువ్వు ఆరూ సాగినవే అని రాశావని చెప్పాను. అప్పుడు మన పిల్ల చెయ్యెత్తింది. ఈ మధ్య బాగానే ఎత్తుతోంది.

"ఒకటి సాగలేదు కదా టీచర్. మంచి టేపు మన దగ్గరుంటే, పెద్దమ్మ దగ్గరేముంది?"

పెద్దమ్మా, నువ్వే రాశావు, అన్నీ ఒకే బక్కెట్లో వేసి తోమానని, ఏది ఎప్పటిదో నీకే తెలియలేదని. తీగ మీద నుంచి నువ్వు తీసుకున్నది పాతది. కొత్తది మాకు వచ్చేసింది. ఇంటావిడను సాగిన టేపుతో కొలిచి, గుడ్డనూ ఆ టేపుతోనే కొలిచావు. రెండుచోట్లా ఒకే తేడా, అందుకని గౌను కుదిరింది. ఆసుపత్రి వాళ్ళు మాత్రం వాళ్ళ టేపుతో కొలిచి నలభై అని రాశారు, నువ్వు నీ టేపుతో నలభై కత్తిరించావు. నీ నలభై వాళ్ళకు నలభై ఒకటి. అంతే జరిగింది. నీ కళ్ళకూ ఏమీ కాలేదు, నీ చేతికీ ఏమీ కాలేదు.

ఈ ఉత్తరంతోనే మంచి టేపు పంపుతున్నాను. పిల్లలందరూ ఒకసారి ముట్టుకుని మరీ పంపారు. దయచేసి మిషను ఇవ్వకు.

నీ బుడంకాయ


సెప్టెంబరు 3

బుడంకాయకు,

ఉత్తరం ముప్పయ్యో తారీకున అందింది. స్కేలు పక్కన పెట్టాను. రెండడుగుల్లో అరంగుళం పైగా తేడా. ముందు నవ్వొచ్చింది, తర్వాత చాలాసేపు ఏడ్చాను. ఇన్ని రోజులు నా చేతుల్ని నేనే ఎన్నేసి మాటలన్నానో. నిన్నూ అన్నాను. మనసులో పెట్టుకోకు.

మర్నాడు కుర్రాడు తోపుడుబండి తీసుకుని వచ్చాడు. సంగతంతా చెప్పాను. ముఖం చిన్నబుచ్చుకున్నాడు, టీ ఇచ్చాను. తాగుతూ తాగుతూ తన మెడలో టేపు తీసి, మెల్లగా నా స్కేలు పక్కన పెట్టి చూసుకున్నాడు. వెళ్ళేటప్పుడు బండి ఖాళీగానే తోసుకెళ్ళాడు, నాకు మాత్రం పాపం అనిపించింది.

మంచి టేపుతో ఒక్క ప్యాంటు కత్తిరించి, కుట్టి, నేనే ఆసుపత్రికి పట్టుకెళ్ళాను. పెద్ద నర్సు అక్కడే ఒక నర్సుకు తొడిగించి చూసింది. మడమ దగ్గర సరిగ్గా ఆగింది. పాతవన్నీ మడిచి కుట్టి ఇస్తాను, చేతులు సరిచేస్తాను, మిగతావి దీనిలాగే ఇస్తాను అన్నాను. సరే అంది. అప్పటినుంచి మిషను ఆగలేదు, అందుకే ఈ ఉత్తరం ఆలస్యమైంది.

ఆ పిల్లకు ఒక గౌను కుడతాను. నీలం గుడ్డ తీసి పెట్టాను. జేబు మీద నత్త బొమ్మ కుట్టమంటుందో వద్దంటుందో దాన్నే అడుగు, నువ్వు చెప్పకు. ఇందులో ఒక కొత్త టేపు పెట్టాను. కడగలేదు. దాంతో తన కొలతలు తననే తీసుకుని రాసి పంపమను. మనిషిని నా ముందు నిలబెట్టక్కర్లేదు. కాగితం చాలు.

పెద్దమ్మ